ఏటంటంది?

దసరా వెళ్ళిన ఆదివారం.
మిల్లు బెల్టు తెగిందట, పని లేదు.
తెగినందుకు దానికి
మనసులోనే ఒక దండం పెట్టుకున్నాను.

గుణుపురం దాటాక వంశధార ఒడ్డంతా రెల్లు పూసింది.
మోపెడ్ వెనక నేను,
నా ఒళ్ళో ఖాళీ గోనెసంచి,
ముందు తిర్నాథు వీపు,
ఉతికి ఉతికి పలచబడ్డ నీలం చొక్కా.
"చలేస్తందా?" అని అరిచాడు.
ఎదురొచ్చే ఆవులమంద ఆగి చూసింది.

ఇరవయ్యేళ్ళు బియ్యం మిల్లు పక్కన నిలబడ్డ మనిషి.
ఎడమ చెవి మొదట పోయింది,
కుడిది దాని వెనకే బయల్దేరింది.
తన గొంతు తనకి వినపడదు గనక
లోకానికంతటికీ వినిపిస్తాడు.
మా ఇంట్లో గుసగుసలు పోయి రెండేళ్ళు.
గోడకవతల సాహు గారి కుటుంబం,
మా కూరలో ఉప్పు తగ్గినా వాళ్ళకి తెలుస్తుంది.
తెలియకూడనివి
ఆయన అరచేతిలో వేలితో రాస్తాను.
పట్టినంత వరకే.

కొండ మొదట్లో మాలొతి సబర్ చేను.
పాదులు ఎండి తాళ్ళలా పడున్నాయి.
కాయలు మాత్రం
ఎవరో పిలిస్తే వచ్చి, పిలిచినవాళ్ళు కనపడక
ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డ చుట్టాల్లా ఉన్నాయి.
ఒకటి రాయికి ఆనుకుని పెరిగి
ఓ పక్క చదునైపోయింది.
మంచు ఇంకా వాటి వీపుల మీదే ఉంది.

మా గుమ్మడిని మాలొతి "బొయితాళు" అంది.
ఓడ మీద వచ్చిందట, బొయితొ అంటే ఓడట.
ఇంత బరువుతో ఓడెలా తేలిందని నేనడిగితే
"నీకెందుకు, ఏరుకో నీలొబేణీ" అని
మొక్కజొన్నలోకి వెళ్ళిపోయింది.
నీలవేణి కన్నా ఆ పేరే బాగుంది నాకు.

పండిందో లేదో తట్టి చూడాలి.
ఆ పని ఎప్పుడూ తిర్నాథుదే,
పెళ్ళైన కొత్తలో సంతలో
పది కాయలు తట్టి పదకొండోది తెచ్చేవాడు.
ఇవాళ మోకాళ్ళ మీద కూర్చున్నాడు,
వేలి కణుపుతో కొట్టాడు,
కొట్టి నా మొహంలోకి చూశాడు.
"ఏటంటంది?"

"పచ్చిదంటంది." చెయ్యి అడ్డంగా ఊపాను.
ఇంకోటి. "ఏటంటంది?"
"లోపలెవరూ లేరంటంది."
అది నా పెదాల మీద చదివి నవ్వాడు,
పాదుల్లోంచి ఉడుత పరిగెత్తేంత నవ్వు.

రాయి పక్క కాయ దగ్గర నాకు మాట రాలేదు.
లోతుగా మోగింది, పెద్దింటి తలుపు తట్టినట్టు.
ఆ మోతకి పెదాల మీద ఆకారం ఏది?
ఆయన చెయ్యి లాగి చదును పక్కన పరిచి
ఇవతల నేను కొట్టాను.
మళ్ళీ కొట్టాను. మళ్ళీ.
కనుబొమలు లేచాయి.
"వచ్చింది" అన్నాడు,
ఎప్పుడో రాసిన ఉత్తరానికి జవాబొచ్చినట్టు.

చుట్టూ చూశాను.
కొండ, కాయలు, ఒక కాకి.
అప్పుడు అరిచాను,
రెండేళ్ళుగా అరచేతిలో పట్టనిది.
ఏమని అరిచానో ఇక్కడ రాయను.
ఆయన తిరిగి ఏమన్నాడో అదీ రాయను.
కాకి మాత్రం లేచిపోయింది.

మొక్కజొన్నలోంచి తక్కెడతో వచ్చిన మాలొతి
అడక్కముందే అంది,
అదీ తెలుగులో:
"నేనేం వినలేదు."
దొంగ ఎవరని ఎవరూ అనలేదు,
ఇద్దరం భుజాలు తడుముకున్నాం.
ఏడు కేజీలు తూగింది.
ఆరింటికే డబ్బు తీసుకుంది.

రేపు బెల్లం వేసి పులుసు.
మొదటి కోత మగాడే కొయ్యాలంటారు మావైపు,
కోస్తాడు.
సాహు గారింటికి ఓ ముక్క పంపాలి,
వాళ్ళ చెవులకి ఇవాళ సెలవిచ్చాం గదా.

తిరుగు దారిలో కాయ మా ఇద్దరి మధ్య.
గతుకు వచ్చినప్పుడల్లా
ఆయన వీపుని తడుతోంది.
తల తిప్పకుండా అడిగాడు,
"ఏటంటంది?"

ఈసారి అరవలేదు.
లేక గాలి ఎక్కువై
నాకే సరిగ్గా వినపడలేదేమో.