అంచు తూటా

చినూక్ ఊళ్లో తుపాకుల కొట్టు.
ఒకవైపు గుర్రాల దాణా మూటలు, గోడ మీద దుప్పి తల.
కౌంటర్ వెనక కోల్టర్ అనే కుర్రాడు,
రావాలో వద్దో ఇంకా తేల్చుకోని గడ్డంతో.

"ఎవరి కోసమండీ?"
నా కోసమే.
పేరు ఆర్లిస్, డెబ్బై ఒకటి నడుస్తోంది.
అల్ఫాల్ఫా చేను నూట అరవై ఎకరాలు నాది,
దాని కింద ఊరు ఊరంతా నేల ఉడతలది.
పోయిన మే నెలలో ఒక బొరియలో కాలు దిగబడి
మా ముసలి గుర్రం మళ్లీ లేవలేదు.

ఇంట్లో నార్బర్ట్ తుపాకి ఉంది, వాల్‌నట్ కర్ర పిడిది.
తూటా తూటాకీ బోల్టు ఎత్తాలి, లాగాలి, నెట్టాలి, దించాలి.
ఈ నాలుగింట్లో రెండోదానికే
నా మణికట్టు సెలవడుగుతుంది.

గాజు బల్ల మీద మూడు పరిచాడు.
మూడూ నల్లనివే, మూడింటిదీ సిపాయి పోలికే:
గుప్పిట పిడి, పైన రంపపు పళ్లలాంటి పట్టీ,
అరటికాయలా వంపు తిరిగిన మ్యాగజైన్.
లోపల చూస్తే చిటికెన వేలి గోరంత తూటా.
పులి చారలు పూసుకున్న పిల్లి.
"ఉడతల మీదికి వెళ్లడానికి
ఇంత యుద్ధం ముఖం ఎందుకయ్యా?" అన్నాను.
నవ్వాడు కానీ జవాబు చెప్పలేదు.

మొదటిది తేలిక, మరీ తేలిక.
బకెట్లో నీళ్లు లేవని ఎత్తగానే చేతికి తెలిసినట్టు.
రెండోది ఇనుప బరువు.
"అసలు దానికీ దీనికీ తేడా తెలీదండీ" అన్నాడు,
అదే దాని గొప్పయినట్టు.
మూడోదాని వెనక కొస ముందుకీ వెనక్కీ జరుగుతుంది.
టక్, టక్. ఆరు మెట్లు.
మూడో మెట్టు దగ్గర నా భుజానికి ఒదిగింది.
నలభై ఏడేళ్లు నార్బర్ట్ చేతుల పొడవుకి
నా మెడ సాచానని అప్పుడు తెలిసింది.

"చౌక తూటాలు వేస్తే ఇరుక్కుంటుందండీ,
తిండి దగ్గర దీనికి పేచీ ఎక్కువ.
నాలుగు రకాలూ తలా ఒక పెట్టె పట్టుకెళ్లండి,
ఏది పడుతుందో అదే చెబుతుంది."
మందు తూటా అంచులో ఉంటుందట, మధ్యలో కాదు.
నడినెత్తిన ఎంత కొట్టినా ఊరుకుంటుంది,
అంచున చిన్న నొక్కు పడితే పేలుతుంది.
ఇలాంటి మనుషులు నాకు తెలుసు అనుకున్నాను,
ఒకళ్లతో కాపురం కూడా చేశాను.

"నలుపు నచ్చకపోతే ఎండుగడ్డి రంగుది ఉందండీ."
గడ్డిలో పెట్టి మరిచిపోతాను నాయనా, నల్లదే ఇవ్వు.

కాగితాల మీద సంతకం పెడుతుంటే
బ్రిటా గుర్తొచ్చింది. గ్రేట్ ఫాల్స్‌లో రెండో తరగతి.
అప్పుడప్పుడూ వాళ్ల బళ్లో లైట్లార్పేసి
బల్లల కింద ఊపిరి బిగబట్టి కూర్చునే ఆట.
ఆట కాదని దానికి తెలుసు.
ఒకసారి ఈ ఆకారమే నల్ల క్రేయాన్‌తో గీసి పంపింది.
బొమ్మలో మనిషి లేడు.

పెన్ను ఆగింది.
"వేరేది చూడమంటారా?" అన్నాడు కోల్టర్.
మణికట్టు వద్దంది. చేను వద్దంది.
గుర్రం ఏమనేదో తెలీదు.
ఇంటిపేరు మిగిలింది, అదీ రాసేశాను.

జూలైలో వచ్చింది బ్రిటా.
నేను చేలోంచి వస్తున్నాను,
తూటాలు తీసేసిన తుపాకి భుజాన వేలాడుతోంది.
మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.
పేలాలు పేలినట్టు వినపడిందట చప్పుడు.
"నానమ్మా, అది నిజమైనదేనా?"
"చిన్నదమ్మా" అన్నాను.
"నేనడిగింది అది కాదు."

బీరువాలో పెట్టి తాళం వేయడానికి లోపలికెళ్లాను.
గట్టు మీద ఒకటి నిటారుగా నిలబడి
ఈల వేసింది.