పాత చిల్లులు

జిండబైన్‌లో జూన్ నెల.
చర్చి వాళ్ళ పాత సామాన్ల కొట్లో
తడిసిన గొడుగుల వెనక నిలబడి ఉన్నాయి
ఆకుపచ్చ స్కీలు, నాకంటే జానెడు పొడుగు.
ముప్పై డాలర్లు. బేరమాడితే పాతిక.
"పనికొస్తాయో లేదో మరి" అంది కొట్లో ఆవిడ
నా చిల్లర లెక్కపెట్టుకుంటూ.

మందుల షాపులో పొద్దంతా నిలబడే కాళ్ళు నావి.
రెండు శీతాకాలాలు అద్దంలోంచే చూశాను
త్రెడ్బో కొండ దిగొచ్చే జనాన్ని,
బుగ్గలు కమిలి, కుంటుతూ, పగలబడి నవ్వుతూ
నొప్పి మాత్రల కోసం నా దగ్గరికే వచ్చేవాళ్ళని.
నాకూ అలా కుంటాలనిపించింది.

మర్రే తన షెడ్డులో బల్ల మీద వాటిని పడుకోబెట్టి
పాత బిగింపులు విప్పాడు.
అవి దాచిన చోట, చెక్కలో,
బంక పెట్టి పూడ్చిన చిల్లులు.
ఒక వరస, దాన్ని ఒరుసుకుంటూ ఇంకొకటి, మరో రెండు.
మనిషి మారితే బూటు కొలత మారుతుంది,
కొలత మారితే చెక్కకి కొత్త పోట్లు.
మా మేనత్త చెవికి మూడు కుట్లుండేవి,
ఏది ఎవరు పెట్టిన దుద్దుకో తడిమి చెప్పేది.
మర్రే కూడా అలాగే, బొటనవేలితో:
"ఇది లోర్కన్‌ది, పడవలు కడతాడు.
ఇది నర్సు బెవర్లీది.
ఇది నాది, ఇరవయ్యేళ్ళప్పటిది, నవ్వకు.
ఇదిగో మొట్టమొదటిది, జ్డెంకాది.
ఇంకొక్క పోటు పడిందా, చెక్క పట్టు వదిలేస్తుంది."

నా బూటు తెచ్చి ఆనించాడు.
డాక్టరు చీటీలో అర్థంకాని అక్షరం దగ్గర
ఆగినట్టు ఆగాను.
జ్డెంకా చిల్లుల్లోకి మరలు
తలుపు తాళం తెలిసినవాళ్ళలా దిగిపోయాయి.
మర్రే ఫోను తీశాడు.
"ముసలీ, నీ పాదం దొరికింది."

శనివారం వచ్చింది, డెబ్భై నాలుగేళ్ళ మనిషి.
ముందు స్కీలని చూసింది, తర్వాతే నన్ను.
"ఎడమది మొండిది. కుడికి తిరగమంటే
కాసేపు ఆలోచిస్తుంది. తొందరపెట్టకు."

పావుకోళ్ళని పీట మీద పెట్టి పసుపు రాసే ఇంట్లో పుట్టాను.
వాటినెక్కి జారడం ముప్పై తొమ్మిదో ఏట నేర్చాను.
మొదటి రోజు పదిహేడు సార్లు పడ్డాను.
జ్డెంకా లెక్కపెట్టింది, చెక్ భాషలో, కొండంతా వినపడేలా.
ఆ అంకెలు ఇప్పటికీ నోటికొచ్చు నాకు,
పదిహేడు దాకా.

తర్వాతవేవీ ఒక వరసలో జరగలేదు.
బెవర్లీకి బీపీ మాత్రలిచ్చేది ఎప్పటినుంచో నేనే అని తేలింది.
లోర్కన్ ఏటా ఆగస్టులో హోబర్ట్ నుంచి వస్తాడు,
పొగబెట్టిన చేప చంకలో పెట్టుకుని.
ఆల్‌బుకారా కూరి జ్డెంకా చేసిన ఉండల్ని
"పూర్ణాలే కదా" అన్నాను, మొహం మాడ్చుకుంది.
నా పూర్ణాలు నాలుగు తిన్నాక
"ఇవి మావే, పప్పు ఎందుకు పెట్టావు?" అంది.

మర్రే భార్య పోయిన ఏడు ఎవరం కొండెక్కలేదు.
షెడ్డులో ఇస్త్రీపెట్టె వేడిచేసి
అందరి స్కీలకీ మైనం పూశాం.
పూసినవాటికే మళ్ళీ పూశాం.
అతను మాట్లాడలేదు, మేం అడగలేదు,
కరిగిన మైనం వాసన నెలంతా నా స్వెట్టరుకి ఉండిపోయింది.

తొమ్మిది శీతాకాలాలు.
అంచు లేస్తోంది, రంగు సగం పోయింది.
కొత్తవి కొనుక్కోరాదా అంటారు షాపుకొచ్చేవాళ్ళు.
నవ్వి చిల్లరిస్తాను.

జ్డెంకా ఇప్పుడు కొండెక్కదు.
కింద కాఫీ కొట్టు కిటికీ దగ్గర కూచుని
ఆకుపచ్చ కోసం చూస్తుంది.
నేను దిగిరాగానే గాజు అవతల వేళ్ళెత్తి చెబుతుంది
ఎన్నిసార్లు పడ్డానో.

నిన్న ఉత్త గుప్పిట చూపించింది.
పడ్డది మూడుసార్లు.
ఆవిడ కంటి చుక్కల మందు కట్టేది నేనే,
పొరలు ఎంతవరకొచ్చాయో నాకు తెలుసు.

గుప్పిటకి గుప్పిట ఎత్తి చూపించి
బట్టల మీద మంచు దులుపుకుని
లోపలికి వెళ్ళాను.