అరవై ఒకటో లింకు

రాత్రి రెండున్నరకి కంప్యూటర్ తేల్చింది:
అరవై ఒకటి పాయింట్ సున్నా రెండు.
ముందు చక్రానికి పదమూడు పళ్ళు, వెనక దానికి ముప్పై తొమ్మిది,
రెండు ఇరుసుల నడుమ రెండు వందల డెబ్బై మిల్లీమీటర్లు.
సున్నా రెండు సంగతి నాకు తెలుసు,
సర్దుబాటు బోల్టు మింగేస్తుంది.
అరవై ఒకటి సంగతే తెలియదు.
హాయిగా పడుకున్నాను.

కాజీపేట యార్డులో ఏదో గూడ్సు
ఒక్కో డబ్బాని ఒక్కో కుదుపుతో లాక్కుంటూ కదిలింది.
నిద్రలో కుదుపులు లెక్కపెట్టాను.

పొద్దున పోచమ్మమైదాన్ వెనక సందులో
మొగిలన్న లేత్ షాపు.
జిన్నింగు మిల్లుల గొలుసులు అతికి అతికి
ముప్పై ఏండ్లుగా నల్లబడ్డ చేతులు.
నా డ్రాయింగుని తిప్పి చూశాడు, తలకిందులుగా చూశాడు,
సుద్దముక్కతో షట్టరు మీద 61 అని రాసి
దాని చుట్టూ సున్నా చుట్టాడు.
"బేసి పడ్డది బిడ్డా."
పడితే ఏంది?

నా అరచేతిలో రెండు లింకులు పెట్టాడు.
ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు.
వెడల్పుది పట్టుకుంటది, ఇరుకుది ఒదుగుతది,
మళ్ళ వెడల్పుది, మళ్ళ ఇరుకుది.
"బేసి లెక్కల తిరిగొచ్చేసరికి
రెండు ఇరుకువే ఎదురుపడ్తయి.
ఎవలు ఎవల్ని పట్టుకోవాలె?"

సగం లింకు దొరుకుతుంది కదన్నా, అన్నాను.
పుస్తకంలో ఉంది, బొమ్మతో సహా.
మొగిలన్న ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు.
ఉంగరపు వేలు నడిమి కణుపు దాకానే ఉంది.
"సగం దాని మీద నాకు నమ్మకం లేదు."

మూత లేని గొలుసట. ములుగు రోడ్డు మిల్లులో.
వరుసగా రెండు షిఫ్టులు చేసిన రోజు.
అంతకుమించి చెప్పలేదు.
బరువు తగ్గుతుందని గొలుసు మూతకి అల్యూమినియం రాసుకున్నాను.
అక్కడే, గ్రీజు మరకల బల్ల మీద,
కొట్టేసి ఉక్కు అని రాశాను.

ముందుకి జరిపితే ఫ్రేము పైపు అడ్డం.
వెనక్కి జరపాలి. ఎనిమిది మిల్లీమీటర్లు.
నా చిటికెన వేలి గోరు వెడల్పు.
ఆ గోరంత కోసం
అజ్మతుల్లా నాలుగు రాత్రులు కూర్చుని వెల్డింగు చేసిన పలకల్ని
గ్రైండరుతో కోసేశాం.
నిప్పురవ్వలు షెడ్డు గోడదాకా ఎగిరాయి.
బుధవారం దాకా వాడు నాతో మాట్లాడలేదు.
గురువారం పదమూడో నంబరు స్పానరు అడిగాడు.

రెండు వందల డెబ్బై ఎనిమిది. అరవై రెండు లింకులు.
అప్పుడు ఇంకోటి కూడా కనిపించింది కాగితం మీద:
ఈ పన్ను ఈ లింకుని ఒకసారి తాకిందా,
మళ్ళీ దాన్నే కలవాలంటే చిన్న చక్రం
అరవై రెండు చుట్లు తిరగాలి.
ఈలోగా మిగతా అన్నిట్నీ పలకరించి వస్తుంది.
అరుగుదల ఏ ఒక్క పంటి నెత్తినా పడదు.
పన్నెండు పళ్ళు వేసి ఉంటే
అవే మొహాలు, అవే దెబ్బలు.

గుండ్రంగా ఉందనుకునే చక్రం కూడా
నిజానికి పదమూడు మూలల బొమ్మ.
ఒక్కో మూల దగ్గర గొలుసు కాస్త లేచి కాస్త పడుతుంది.
కాలేజీ వెనక రోడ్డు మీద తెల్లవారకముందే బండి తోలినప్పుడు
సీట్లోంచి నడుముకి తెలిసింది.
పావురాలు లేచాయి. వాచ్‌మన్ తిట్టాడు.
ఆరో చుట్టు తర్వాత దిగి
బొటనవేలితో గొలుసు నొక్కి చూశాను.
అప్పుడే సాగింది, వెంట్రుకవాసి.
బోల్టు అరతిప్పు తిప్పాను.
రేపూ తిప్పాలి.

కొన్న గొలుసు పొడవు, మాకు కావలసింది సగమే.
కోసేటప్పుడు ఒక లింకు నలిగి చెత్తలోకి పోయింది,
మిగిలిన ముక్క మొగిలన్న ఉంచుకున్నాడు.
మొన్న మూత తేవడానికి పోతే షాపు బంద్ ఉంది.
షట్టరు మీద 61 ఇంకా చెరగలేదు.
దాని కింద, రెండు కొక్కేలకీ చుట్టి, మా గొలుసు ముక్క.
నిలబడి లెక్కపెట్టాను.
యాభై ఏడు.
రెండు కొసలూ ఇరుకు లింకులే.
వాటి నడుమ, రెంటినీ పట్టుకుని, తాళంకప్ప.
దాంతో కలిపి యాభై ఎనిమిది.
సరి.