బాడుగకు ఒక కిటికీ

ఏకాంబరం మొదలియారు పాత సీపీయూని
స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకోని
బెల్లం మండీ నుంచి సంతపేట దాకా వచ్చినాడు.
మూత విప్పితే ఫ్యాను రెక్కలకంతా జిగట.
మదర్‌బోర్డు మీద ఏడు చీమలు,
చచ్చిపోయినా వరస తప్పలేదు.

"పెట్టె పోతే పోనీ తయ్యలూ,
లెక్కలు బతకాల."

లెక్కల ప్రోగ్రాము రాసిన సెల్వరాజు
గిరింపేటలో ట్యూషన్లు చెప్పుకునేవాడంట.
ఇప్పుడెక్కడున్నాడో మండీలో ఒక్కరికీ తెలీదు.
వాడు రాసింది ఎక్స్‌పీ మీద తప్ప
ఇంకే నేల మీదా కాలు పెట్టదు.
నేను కొత్త పెట్టెలో వేసేదేమో లైనక్స్.

"మరెట్లా?"
"ఇంట్లో ఒక రూము బాడుగకిస్తాం సామీ."

ఆ రాత్రి షట్టరు సగం దించి
రూముకు గోడలు కట్టినాను.
అరజీబీ మెమరీ, ఇరవై జీబీల జాగా,
నెట్టు వద్దు, ఊరి గాలి తగిలితే జబ్బు చేస్తుంది.
కిటికీలో కిటికీ తెరుచుకుంది.
పచ్చటి గుట్ట, నీలం ఆకాశం, ఆ పాత పలకరింపు మోత.
సొంత డిస్కు ఉందనుకుంటోంది పాపం.
బయటి నుంచి చూస్తే తనొక ఫైలు,
నేను పేరు మార్చగలిగిన, పొరపాటున చెరిపేయగలిగిన
ఒకే ఒక్క ఫైలు.
నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
నా గుట్ట ఎవరు పెట్టిందో నాకు మాత్రం తెలుసా?

ప్రోగ్రాము తెరిస్తే: గడువు ముగిసినది.
పొద్దున్నే ఫోన్ చేస్తే మొదలియారు గొంతు తగ్గించినాడు,
దొంగ తూకం బయటపడినట్టు.
"అదా... రోజూ అంగడి తీస్తానే
తేదీని రెండువేల పదికి తిప్పుతానమ్మా.
బిల్లు మీద అసలు తేదీ రబ్బరు స్టాంపుతో గుద్దుతా."
పద్నాలుగేండ్లుగా.
ఒక్క పొద్దు కూడా మరవకుండా.

లోపలి గడియారానికీ బయటి గడియారానికీ
ఉన్న దారం తెంపేసినాను.
ఇంక ఎన్నిసార్లు లేపినా లోపల
అది రెండువేల పది, ఏప్రిల్ రెండు, శుక్రవారం.
బంగారుపాళ్యం కన్నియప్ప బాకీ
నాలుగు వందల ముప్పై, ఇంకా వసూలు కావాల్సిందే.
ఆయన పోయి ఆరేండ్లయిందని
ఆ రూములో ఎవరూ చెప్పరు.

నేర్పడానికి మండీకి పోయినాను.
లోపలికి పోయిన మౌసు బాణం బయటికి రాదు,
కుడిపక్క కంట్రోల్ నొక్కితేనే వదుల్తుంది.
రెండుసార్లు ఇరుక్కున్నాడు,
చెమటలు పట్టినాయి మనిషికి.
మూడోసారి లేచిపోయి, దేవుడి పటం కింద నుంచి
కుంకుమ తెచ్చి ఆ మీటకు బొట్టు పెట్టినాడు.
పాత ప్రింటరు మాత్రం ఏ గోడనూ లెక్కచేయక
గరగరా అరిచింది.

రెండిటి మధ్యా ఒక ఫోల్డరు పెట్టినాను,
ఇటు నుంచీ అటు నుంచీ చెయ్యి పెట్టొచ్చు.
"అంటే ఉమ్మడి గోడలో గూడు," అన్నాడు.
నాకు ఆ మాట తట్టలేదు.

బయట లారీకి ముద్దలు ఎత్తుతా ఉండారు.
గుమస్తాకు తెలుగులో కసురుతా
వేలూరు డ్రైవరుకు అరవంలో జవాబిస్తా
మొదలియారు వేళ్లు మడిచి లెక్కపెడతా ఉండాడు.
ఒణ్ణు.
అది వాళ్లమ్మ చెప్పింది, మా అమ్మ చెప్పిందీ అదే.
మూణు, నాలు, అంజు...
రాసేటప్పుడు పుస్తకంలో అన్నీ తెలుగు అంకెలే పలుకుతాయి.
ఏది ఇల్లు, ఎవరు బాడుగ,
నీవా ఏటికి ఈ పక్క ఎవరినడిగినా చెప్పలేరు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినాడు,
డ్రైవరు హారన్ కొట్టి లెక్క చెడగొట్టినాడని.
ఒణ్ణు.
రెండు.
అక్కడ, ఆ రెండు దగ్గర,
ఏ భాషలో ఉన్నాడో
నేను కనిపెట్టలేకపోయినాను.