రాయిని చూడకు

ఈ పలకరాతి కొండల్లో వాన ఆగదు,
ఆగినట్టు నటిస్తుంది.
అలా నటిస్తున్న ఒక సాయంత్రం
బడి వంటగదిలో గిన్నెలు బోర్లించి వచ్చి
మొదటిసారి కొండసైకిలెక్కాను.
నాకు యాభై రెండు. సైకిలుకి తొమ్మిది.
దాని ఒంటి మీది పాత గీతలు ఎవరివో తెలియదు,
ఇక మీదటివి నావి.

మాబ్లీ నేర్పుతుంది. రిపేరు షాపు పిల్ల,
గోళ్ళలో ఎప్పుడూ నల్లటి నెలవంకలు.
మొదటిరోజు కొండ ఎక్కనివ్వలేదు.
చర్చి వెనక, కార్లు ఆపే చోట
నిలబడమంది. పెడళ్ళ మీద, ఊరికే.
"పాదాలు రెండూ ఒకే ఎత్తున. మడమలు దించు.
మోచేతులు విప్పు నెరిస్, పందెంకోడిలా.
సీటు కిందికి తోసెయ్, దిగేటప్పుడు అది కూర్చోడానికి కాదు."
ముప్పయ్యేళ్ళు నిలబడి గరిటె తిప్పినదాన్ని,
నిలబడటం నాకు కొత్తా, అనుకున్నాను.

కొత్తే.

బ్రేకుకి ఒక్క వేలు చాలంది.
భయానికి నాలుగు వేళ్ళుంటాయి.
ముందు చక్రం ఆగింది, నేను ఆగలేదు.
పలక మీద మొదటి అక్షరం
ఆ రోజు నా మోకాలే దిద్దింది, కొంచెం ఎర్రగా.

ఎక్కడం వేరే కథ.
గనికి పోయే పాత దారిలో మూడు గేట్లు.
మార్చిలో, మొదటి గేటు ఇంకా రాకముందే
నా ఊపిరి నన్ను వదిలేసి వెళ్ళిపోయింది.
ఒక గొర్రె నెమరు ఆపి చూసింది.
నవ్వలేదు. గొర్రెలు మర్యాదస్తులు.
"కాళ్ళు అరిచాక కాదు, గొణుగుతున్నప్పుడే గేరు మార్చు"
పైనుంచి మాబ్లీ.
నా కాళ్ళకి గొణగడం రాదు, నేరుగా బూతులే.

మంగళవారం, శుక్రవారం. మళ్ళీ మంగళవారం.
మధ్యలో ఒక వారం జలుబు, ఒక వారం బద్ధకం,
బద్ధకాన్ని కూడా జలుబు ఖాతాలోనే రాశాను.
మే నెలాఖరుకి రెండో గేటు.
జులైలో ఒకరోజు
సోమవారానికి ఎన్ని కిలోల బంగాళాదుంపలో లెక్కేసుకుంటూ
వెనక్కి చూస్తే, గేటు కిందెక్కడో ఉంది,
దాటినట్టే తెలియలేదు.
బలమంటే ఇంతే కాబోలు,
ఒకప్పుడు ఆగిపోయిన చోటు
గుర్తుకు రాకపోవడం.

మా తాత ఈ దారినే గనికి నడిచేవాడు.
చివరి ఏళ్ళలో, రాతిదుమ్ము నిండిన రొమ్ముతో
దిగేటప్పుడు కూడా మూడు చోట్లా ఆగేవాడు.
"ఈ గేట్లు గొర్రెల కోసం కాదే, మన కోసం" అనేవాడు.
మూడో గేటు దగ్గర నేను కాలు కింద పెట్టను.
పెట్టాల్సి వచ్చినా
పూర్తి ఊపిరి ఒకటి, ఆయన వాటా కూడా కలిపి,
పీల్చుకుని కదులుతాను.

దాని పైన, దిగుడు దారి మొదట్లో, ఒక రాతిమెట్టు.
మోకాలి ఎత్తు. సైకిలెక్కి చూస్తే మేడ ఎత్తు.
కుర్రాళ్ళు దానికి పెట్టిన పేరు అత్తగారు.
ఆరుసార్లు సైకిలు చేత్తో నడిపించుకుని
వినయంగా పక్కనుంచి దిగాను.
"రాయిని చూస్తే రాయి దగ్గరికే పోతావు.
ఎక్కడ ఉండాలనుకుంటున్నావో అక్కడ చూడు."
ఏడోసారి చూశాను.
రాయి అవతల తడి దారి, దారి అవతల ఫెర్న్ పొదలు,
ఆ కింద, చాలా కింద, బడి పొగగొట్టం.
మడమలు దించాను. ఒక్క వేలు.
తర్వాత ఏం జరిగిందో కళ్ళకి తెలియదు,
చక్రాలకి తెలుసు:
ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి,
వాటి మధ్య చిన్న నిశ్శబ్దం.
ఆ నిశ్శబ్దంలో నా బరువెంతో
ఎవరూ అడగలేదు.

ఆ సంబరంలో తర్వాతి మలుపు మర్చిపోయి
తిన్నగా ఫెర్న్ పొదల్లోకి వెళ్ళిపోయాను,
అది వేరే సంగతి.

సోమవారం, వడ్డించే వరసలో గుటో అడిగాడు,
"మోచేయి అంత నీలంగా ఉందేం?"
"అత్తగారు" అన్నాను.
వాడు జాలిగా చూసి
ఆ రోజు బఠాణీలు వదిలిపెట్టకుండా తిన్నాడు.