రెండు రూపాయల చిల్లర

పూతలపట్టు క్రాసులో ఎక్కిన తాత దగ్గర
టికెట్టుకు రెండు రూపాయలు తక్కువైనాయి.
తువ్వాల కొంగు విప్పి
గుప్పెడు అనపగింజలు నా చేతిలో పోసి
"దానికీ దీనికీ సరి నాయనా" అన్నాడు.
నా జేబులోంచి రెండు తీసి సంచిలో వేసి
లెక్క సరిచేసినా.
ఎవరో పారేసిన టికెట్టులో గింజల్ని పొట్లం కట్టినా.
మా మిద్దె తోటకు పెట్టుబడి
ఇప్పటికీ అంతే.

కొర్లగుంటలో మూడో మిద్దె మీద ఒంటిగది మాది.
రంగులు వేసేవాళ్ళు వదిలేసిన డబ్బాలు నాలుగు,
చేపల అంగడి థర్మాకోల్ పెట్టె,
చీలిన బిందె, పట్టీ తెగిన మా వాడి స్కూలు బ్యాగు.
కరకంబాడి రోడ్డులో కాలవ తవ్వినప్పుడు
గట్టున పోసిన ఎర్రమన్ను,
గానుగలో అడిగితే ఊరికే ఇచ్చిన చెనిక్కాయ పొట్టు,
ఈ ఊళ్ళో కరువు లేనిది కొబ్బరి పీచు.
"స్లాబు కురిస్తే నీదే పూచీ"
అన్నాడు ఇంటి ఓనరు చెంగల్రాయులు సారు.
ఇటుకలు పేర్చి డబ్బాల్ని ఎత్తులో పెట్టినా.

ఆడి నెల గాలికి
మొదటి మొలకలు మెడలు విరుచుకున్నాయి.
రెండోసారి నాలుగే గింజలు పెట్టి
మిగతావి దాచింది దేశమ్మ, ఉప్పు దాచినట్టు.
బియ్యం కడిగిన నీళ్ళు, గుడ్డలు జాడించిన నీళ్ళు,
డ్యూటీ దిగినాక నా సీసాలో మిగిలిన గుక్కెడు.
పేనుబంకకు పొయ్యిలో బూడిద.
బూడిద లేని నాడు
ఆమె తిట్లు.

ఆ తర్వాత నా దారంతా విత్తనాలే.
పాకాల దిగిన ఆమె కాకర,
నగరి నుంచి ఒక సొర,
పేరు అడగడం మరిచిపోయిన ఊరి తోటకూర.
టికెట్టు వెనక రాసుకుంటా ఏ స్టేజీలో ఏది ఎక్కిందో.

కార్తీకంలో మద్రాసు వైపు నుంచి ముసురు.
మూడు రోజులు ఎండ లేదు.
సొరపాదు కుళ్ళింది. బ్యాగు అడుగూడింది.
అనప మాత్రం డిష్ యాంటెన్నా పట్టుకుని
చెంగల్రాయులు సారు చానళ్ళన్నీ కప్పేసింది.
ఆయన కత్తి తీసుకుని పైకి వచ్చినాడు,
కాయలు చూసినాడు,
కత్తితోనే కోసుకుని కిందికి పోయినాడు.
ఆ రాత్రి రెండు ఇళ్ళల్లో పితికిపప్పు,
రాగి సంగటి.

మంచు పడే పొద్దుల్లో టమోటా.
ఎప్పుడో పారబోసిన కుళ్ళులోంచి తనంతట తనే లేచింది.
అంగట్లో కిలో నూటముప్పై ఉన్నప్పుడు
మా పెంకిలో ఆరు కాయలు,
లెక్కపెట్టి తిన్నాము.
తర్వాత ఒకనాడు మదనపల్లె డ్యూటీలో చూస్తే
రోడ్డు వారన కుప్పలు కుప్పలు ఎర్రగా.
టైర్లకు అంటుకున్నాయి.
గోతం పట్టుకుని ఎరువుకని దిగినా.
కుప్ప పక్కన కూర్చున్న రైతు
"తీసుకో, తీసుకో" అన్నాడు, నా ముఖం చూడకుండానే.
సగం నింపి ఆపేసినా.
నా డబ్బాలో మిగులు అనుకున్నది
ఆయన మడిలో ఏమిటో
ఆ పొద్దు ఏ లెక్కలోనూ రాయలేదు.

ఎండాకాలం చెప్పేదేముంది.
రాత్రి పది దాటినా కొండరాళ్ళు సెగ కక్కుతుంటాయి.
ట్యాంకరు వారానికి ఒకసారి.
దేశమ్మ పాత చీర పందిరిగా కట్టింది.
కొన్నిటికి నీళ్ళు, కొన్నిటికి సెలవు.
బచ్చలి బతికింది.
కాకర ఎండింది,
ఎండినా గింజ ఇచ్చింది.

మళ్ళీ ఆడి నెల. మళ్ళీ పూతలపట్టు క్రాసు.
తాత ఎక్కినాడు, నన్ను గుర్తుపట్టలేదు.
పొట్లం చేతిలో పెట్టినా.
విప్పి, ఒక గింజ పంటి కింద వేసి,
కిటికీలోంచి ఉమ్మి,
"ఇవి మావి కావులే నాయనా,
టవును నీళ్ళు తాగి బక్కచిక్కినాయి" అన్నాడు.
అయినా తువ్వాల కొంగున ముడి వేసుకున్నాడు.
ఈసారి టికెట్టుకు
సరిగ్గా చిల్లర ఇచ్చినాడు.