పదహారు కట్టలు

ఫోను కిటికీల స్టీలు గిలాసల నిలవెట్టినం.
మెట్‌పల్లిల మా గల్లీకి సిగ్నలు అక్కడిదాంకనే వస్తది.
అది టింగుమన్నదంటె
తునికాకు సగం కోసినకాడ్నే నా కత్తెర ఆగుతది,
అత్త మంచంల లేచి కూసుంటది:
"బాసరదా?"
కాదు. రీచార్జి అయిపోతుందట.
కాదు. ఎవలో లోనిస్తరట, ఐదు నిమిషాలల్ల.
కాదత్తా, పండుకో.

మీసేవల అశ్ఫాక్ లిస్టు సోమారం అన్నడు,
మల్ల శుక్రారం అన్నడు.
ఇప్పుడు నేను పోతాంటె దూరంకెల్లే
చెయ్యి అడ్డం ఊపుతడు.
పాపం, ఆ పిలగాడు ఏం జేస్తడు.

మస్కట్ నుంచి మా ఆయిన ఫోను జేస్తడు.
ముందు వాన పడ్డదా అంటడు.
తర్వాత అమ్మ మోకాళ్లు.
తర్వాత ఆకు మంచిగొస్తుందా, తంబాకు తూకం సరిగ్గిస్తున్నరా.
అడగవలసింది అడగకుంట పదకొండు నిమిషాలు తిప్పుతడు,
నేను గూడ తిప్పుత.
"రాకపోతే ఏమాయె" అంటడు ఆఖరికి.
ఆ మాట ఎంత అరిగిపోయిందంటె
కింద దాసుకున్నదంత పైకి కనవడుతున్నది.

ఇంట్ల ఎవ్వరం పెట్టె మాటెత్తం.
నేనే, బస్టాండు కాడి దుకాన్ల
తాళం వడే రేకుపెట్టె ధర అడిగొచ్చిన.
"కొంటవా?" అన్నడు.
"పక్కింటోళ్లకు" అన్న.

స్పందన ఏం మాట్లాడది.
చాట ముంగటేసుకొని చుడుతది.
చేతులకు వాసన వడుతది, వద్దు బిడ్డా అంటె
"మార్కులు వచ్చేసినయి గదనే,
వాసనకు పోతయా" అంటది.

రోజుకు వెయ్యి బీడీలు. నలభై కట్టలు.
అండ్ల పదహారు ఆమెయి.
గీ లెక్క ఎవ్వలకు చెప్పలే.
మొక్కేటప్పుడు గూడ
'సీటు రావాలె తల్లీ' అన్నంక జెరంత సందుంటది,
ఆ సందుల పదహారు కట్టలొచ్చి కూసుంటయి.
సరస్వతికి కనవడ్డయో ఏమో.
సిగ్గైతది.

కార్ఖానల చాట్ తీసేటోన్ని ఇరవై ఏండ్లసంది చూస్తున్న.
కట్టను చేతుల దిప్పి, బొటనేలుతోని ఒత్తి,
మెత్తగున్నయని, మూతి వంకరున్నదని
పక్కకు పడేస్తడు.
ఎందుకని అడగం.
కానీ ఆయిన మొఖమన్న చూస్తం.
ఒకనాడు కొట్లాడొచ్చు, ఒకనాడు బతిమాలొచ్చు.
ఈ లిస్టు తీసేటోళ్ల మొఖం ఎటుదిక్కున్నదో.

ఎనుక గల్లి భూమేశ్ బిడ్డకు గురుకులంల వచ్చిందని
కోవాబిళ్లలు తెచ్చిచ్చిండ్రు.
స్పందన తిన్నది.
ఇంకోటి అడిగి తిన్నది.
ఆ రెండోది చూసుకుంట నేను ఆకు తప్పు కోసిన.

తొమ్మిది రొజులాయె,
నాలుగ్గొట్టంగ లేస్తున్న.
లైటెయ్య. గల్లి దీపం చాలు.
ఆమె లేకుంటె ఇల్లెట్ల నడుస్తదో
చేసి చూస్తున్న.
మొదటి దినం ఆరు కట్టలు.
నిన్న పదకొండు.
ఏళ్లు పట్టుకపోతయి, మోచెయ్యి దాంక గుంజుతది,
అయినా వస్తది, వచ్చేటట్టే ఉన్నది.

మొన్న కార్ఖాన గుమాస్త రాజేశం అన్నడు:
"నీ బిడ్డొచ్చింది వదినా,
ఆమె పేరు మీద కార్డెప్పుడిస్తరని అడిగింది.
పద్దెనిమిది నిండాలె అన్న.
సరే అని పోయింది."

ఇంటికొచ్చి నేనేమనలే.
నాలుగింటికి లేస్తున్నవెందుకే అని
ఆమె గూడ అనలే.
కండ్లు మూసుకొనే ఉంటది గాని
నిద్రవోయినోళ్ల రెప్పలు అంత బిగుసుకోవు.

ఇయ్యాల పదమూడు చుట్టి
వాకిలి ఊడ్వ పోయిన.
వచ్చి చూస్తె చాటల పద్నాలుగున్నయి.
పద్నాలుగోదానికి దారం బిగ్గెగట్టి ఉన్నది,
నేనట్ల కట్ట.
మల్లొకసారి లెక్కవెట్టిన.
ఆమె ముసుగు తియ్యలే.

కిటికీల గిలాస మోగింది.
"బాసరదా?" అన్నది అత్త.
కాదు. కరెంటు బిల్లు.